బూడిదరంగు సగం

పోయినవారం మనం కోడలిని కోల్డురూములో, చేతిలో అత్తగారి నోటుబుక్కుతో నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, వారం రోజులుగా అక్కడే వణుకుతూ ఉంది. ముందు ఆమెని బయటికి తీసుకొద్దాం.

ఎందుకు నిలబడిందో మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఈ ల్యాబులో పెంచేది పైరు ఆకుల మీద మచ్చలు పెట్టి ఎండగొట్టే ఒక బూజుని. దాని అసలు పేరు పలకబోతే నోరు తిరగదు కాబట్టి ట్యూబు మీదున్న నంబరు పట్టుకుని అందరూ పదిహేడు అంటారు. పదిహేడు బతుకులో ఉన్నవి రెండే పనులు. మొదట తెల్లగా, దారాలు దారాలుగా పెరగడం. ఆ తర్వాత పెరుగుదల తగ్గించి, బూడిదరంగులో బీజాలు పెట్టడం. ఆ బీజాలే గాలికి లేచి పక్క చేను మీద పడతాయి. ఇక పెరిగింది చాలు, బీజాలు పెట్టు అని బూజుకి లోపలినుంచి చెప్పే జన్యువుని కనిపెట్టానని మన కోడలు మూడేళ్ళుగా నమ్ముతోంది. దానికి మేస్త్రి అని ముద్దుపేరు కూడా పెట్టుకుంది. మేస్త్రిని తీసేస్తే పదిహేడు తెల్లగానే ఉండిపోయింది, బీజమన్న మాటే లేదు. అంతవరకూ బాగానే ఉంది. తీసిన మేస్త్రిని తిరిగి తెచ్చి పెడితే బూడిదరంగు కూడా తిరిగి రావాలి కదా. రాలేదు. పదిరోజులు చూసినా ప్లేటు పాలమీగడలాగే ఉంది.

గైడుగారు ఆ ప్లేటుని కిటికీ దగ్గర పట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, వచ్చే శుక్రవారం కాక ఆపై శుక్రవారం లోపల కారణం చెప్పమన్నారు. చెప్పకపోతే రీసెర్చి గడువు పొడిగించే కాగితం మీద సంతకం పెట్టనన్నారు. ఆ సంతకం పడకపోతే మూడేళ్ళ పనీ బూడిదలో పోసిన పన్నీరే. ఆయన్ని ల్యాబు పిల్లలు చాటుగా భూతద్దం అంటారు. ఏ కాగితమిచ్చినా అందులో చీమతలకాయంత తప్పుని వెతికి, పచ్చసిరాతో దాని చుట్టూ సున్నా చుట్టందే ఆయనకి టీ సహించదు. పచ్చసిరా ఆ భవనం మొత్తంలో ఆయన ఒక్కరే వాడతారు.

ఇక కోల్డురూములో కోడలు చదివిందేమిటంటే, పదకొండేళ్ళుగా నెలనెలా పదిహేడుని పాత ట్యూబు నుంచి కొత్త ట్యూబులోకి మార్చిన లెక్క. ప్రతి నెలా అదే గుండ్రటి అక్షరాలు. తెల్లగా, బొద్దుగా ఉన్న అంచు తీసి పెట్టాను. తర్వాతి నెల, తెల్లగా, బొద్దుగా ఉన్న అంచు తీసి పెట్టాను. పదో పదిహేనో పేజీలు తిప్పేసరికి ఆమెకి ఒళ్ళంతా చల్లబడింది. అది కోల్డురూము వల్ల కాదు.

ఆ అక్షరాలు అత్తగారివి.

అత్తగారు ఈ ల్యాబులో ఇరవై రెండేళ్ళుగా మీడియా రూము చూసుకుంటున్నారు. మీడియా అంటే పత్రికలూ టీవీలూ కాదు, బూజులు తినే తిండి. ఓట్స్ కాచి, బట్టలో వడగట్టి, గట్టిపడే పొడి కలిపి, పెద్ద ప్రెషరు కుక్కరులాంటి ఆటోక్లేవులో ఉడికించి ప్లేట్లలో పోస్తారు. చదివింది పదో తరగతి. ప్రొఫెసర్లతో సహా అందరూ పెద్దమ్మా అనే పిలుస్తారు. ఆరేళ్ళ కిందట కొత్తగా చేరిన ఒక రీసెర్చి పిల్ల, ప్లేటు మూత మీద కాకుండా అడుగున పేరు రాయడం ఆవిడ కళ్ళబడింది. మూతలదేముంది, మారిపోతాయి. మూత మీద పేరు రాసేవాళ్ళని నమ్మకూడదని ఆవిడ సిద్ధాంతం. ఆ సాయంత్రమే ఇంటికి వెళ్ళి, నీకు పిల్లని చూశాను, అడుగున రాస్తుంది అని కొడుకుతో చెప్పారు. కొడుకుది లిఫ్టులు బాగుచేసే పని. అడుగున రాయడమేమిటో అతనికి ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు గానీ, పెళ్ళయితే చేసుకున్నాడు. సుఖంగానే ఉన్నాడు.

ఇప్పుడు ఆ అడుగున రాసే పిల్లకి వచ్చింది కష్టం. అత్తగారికి వెళ్ళి, మీరు పదకొండేళ్ళుగా ప్రేమగా పెంచుతున్నది చెడిపోయిందండీ అని చెప్పాలి. కక్కలేక మింగలేక శనివారం సాయంత్రం గడిచింది. ఆదివారం డాబా మీద బట్టలు ఆరేస్తూ మొగుణ్ణి సలహా అడిగింది. అతను తనకి తెలిసిన విద్యలోంచే చెప్పాడు. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయినప్పుడు తలుపుని గుంజకూడదట. లోపలున్నవాళ్ళతో ముందు నెమ్మదిగా మాట్లాడాలట. ఆ తర్వాత మెల్లగా ఏదో ఒక అంతస్తుకి చేర్చాలట. "అయినా మా అమ్మ నీ మాట వింటుంది. నాదే వినదు," అని దుప్పటి కొసలు దులిపాడు.

సోమవారం పొద్దున్న మీడియా రూములో ఆవిరి కమ్మి ఉంది. అత్తగారు ఓట్స్ గంజిని బట్టలో పోసి పిండుతున్నారు. కోడలు వెళ్ళి బట్టకి రెండోకొస పట్టుకుంది. ఇద్దరూ కాసేపు గంజి గురించీ, ఆటోక్లేవు రబ్బరు మార్చాల్సిన సంగతీ మాట్లాడుకున్నారు. ఆవిడ ఒకసారి కోడలి మొహంలోకి చూసి, నాన్చకుండా అసలు సంగతి చెప్పమన్నారు.

"అత్తయ్యా, నెలనెలా పదిహేడుని మార్చేటప్పుడు మీరు ఏ ముక్క తీస్తారు?"

"బాగున్న ముక్క."

"బాగున్నదంటే?"

"తెల్లగా, మెత్తగా, దూదిలా ఉన్నది. బూడిదరంగు తిరిగిన చోటు ముట్టుకోను. అది ముసలిదైపోయినట్టు కదా."

కోడలు బట్ట కొస వదలకుండానే చెప్పడం మొదలుపెట్టింది. బూడిదరంగు ముసలితనం కాదనీ, అది బూజు ఎదిగి బీజాలు పెట్టిన గుర్తనీ చెప్పింది. తెల్ల అంచునే ఏరుకుంటూ పోతే, పిల్లల్ని కనడం మానేసి ఒళ్ళు పెంచుకునే రకమే ట్యూబులో మిగులుతుందనీ, అలా ఎప్పుడో ఒకనాడు పదిహేడు లోపల ఏదో మారిపోయి ఉంటుందనీ చెప్పింది. తను మేస్త్రిని తీసింది ఆ మారిపోయిన పదిహేడులోంచే. అది అప్పటికే తెల్లది. మేస్త్రి ఉన్నా తెల్లదే, తీసినా తెల్లదే, తిరిగి పెట్టినా తెల్లదే.

ఇక్కడ మన కోడలి తప్పు కూడా చెప్పుకోవాలి, ఆమె దాచలేదు కాబట్టి మనమూ దాచొద్దు. మూడేళ్ళ కిందట ఆకుల మీద చల్లడానికి బీజాలు కావాలని అత్తగారి ట్యూబు తీసుకుంది. బీజాలు రాలేదు. ఎందుకు రాలేదని అడగాల్సిన చోట, ట్యూబు ఎండిపోయిందేమోలే అనుకుని వేరే ఊరి ల్యాబుకి ఉత్తరం రాసి వాళ్ళ దగ్గరున్న పదిహేడుని తెప్పించుకుంది. దాన్ని పక్కన పెట్టుకుని, చూడండి మేస్త్రి ఉంటే బూడిదరంగు, లేకపోతే తెలుపు అని సంబరపడింది. రెండూ ఒకే నంబరు గానీ ఎన్నో ఏళ్ళుగా వేరువేరు ఇళ్ళలో పెరిగినవి. ఒకింటి పిల్లని ఇంకో ఇంటి పిల్లతో పోల్చి, తేడా అంతా మేస్త్రి మీదికి తోసింది. బీజాలు రానినాడు పక్కింటినుంచి అరువు తెచ్చుకోకుండా మీడియా రూములోకి వచ్చి ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ కథే లేదు.

అత్తగారికి ముందు కోపం వచ్చింది. వస్తుంది మరి. గంజి గిన్నె చప్పుడయ్యేలా బల్ల మీద పెట్టారు. "ఇరవై రెండేళ్ళలో నా ట్యూబులో పరాయి బూజు ఒక్కటి మొలిచిందా?"

"మొలవలేదు అత్తయ్యా. మన బూజే మారింది."

ఆవిడ అటు తిరిగి ఆటోక్లేవు మూత మరలు ఒక్కొక్కటీ బిగించడం మొదలుపెట్టారు, అవసరమైన దానికన్నా గట్టిగా. అత్త మీద కోపం దుత్త మీద చూపించే కోడళ్ళని చూశాం గానీ, కోడలి మీద కోపాన్ని ఆటోక్లేవు మీద చూపించే అత్తగార్లు అరుదు. ఆరు మరలూ బిగించేసరికి ఆ కోపం కూడా అయిపోయింది. ఎవరైనా అలా తీయమని చెప్పారా అని కోడలు మెల్లగా అడిగింది.

"చెయ్యి నాది. నేనే తీశాను," అన్నారు అత్తగారు. ఆపైన ఆవిడ తన గురించి ఒక్క మాట కూడా చెప్పుకోలేదు. కోడలి మూడేళ్ళూ పోయినట్టేనా అని మాత్రం అడిగారు.

పోయినట్టేనని కోడలు ఒప్పుకుంది. మన పదిహేడు మారకముందుది, మన ఇంట్లోదే, ఒక్క ముక్క దొరికితే తప్ప ఏమీ రుజువు చేయలేమంది. అత్తగారి ముందు ఏడవడానికి సిగ్గుపడక్కర్లేదు కాబట్టి కాస్త ఏడ్చింది కూడా.

అత్తగారు చేతులు కడుక్కుని, తుడుచుకుని, స్టూలు తెచ్చి వేసి ఎక్కారు. పై అరలో దూది కట్టల వెనక నుంచి ఒక గుండ్రటి రేకు డబ్బా దించారు. ఏదైనా పారేయడమన్నది ఆవిడ వల్ల కాని పని. ఇంట్లో చెడిపోయిన మూడు గడియారాలూ, జత లేని గుండీలూ, కొడుకు మొదటి చెప్పులూ ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. డబ్బాలో తేమ పీల్చే గుళికల మధ్య చిన్న చిన్న కాగితం కవర్లు ఉన్నాయి. అందులో ఒకటి తీసి కోడలి చేతిలో పెట్టారు. దాని మీద తొమ్మిదేళ్ళ కిందటి జూలై తేదీ, కింద అవే గుండ్రటి అక్షరాల్లో, పదిహేడు, బూడిదరంగు సగం అని రాసి ఉంది.

ఆ నెల పదిహేడు ప్లేటులో విచిత్రంగా పెరిగిందట. నడిమధ్యన గీత గీసినట్టు సగం తెలుపు, సగం బూడిదరంగు. తెల్ల సగాన్ని కొత్త ట్యూబులోకి మార్చారట. "బూడిదరంగు సగం పారేయమని... పారేద్దామనే అనుకున్నాను. చేతులు రాలేదు. వడపోత కాగితం ముక్కల మీద పాకనిచ్చి, ఎండబెట్టి దాచాను." ఆ మాట మధ్యలో ఆవిడ ఒక్క క్షణం ఆగారు. కోడలు కవరులోకి చూస్తోంది కాబట్టి గమనించలేదు. మనం మాత్రం గుర్తుపెట్టుకుందాం.

కోడలు నోటుబుక్కు తెరిచి ఆ జూలై వెతికింది. జూన్ ఉంది, ఆగస్టు ఉంది. మధ్యలో రెండు పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. మీడియా ఒలికిందని చెప్పి అత్తగారు బుక్కుని ఆమె చేతిలోంచి తీసుకుని తన అరలో పెట్టేసుకున్నారు.

ఆ మధ్యాహ్నమే ఐదు కాగితం ముక్కల్ని ఐదు ప్లేట్లలో పెట్టారు. తొమ్మిదేళ్ళు ఎండిన కాగితం, గోరంత ముక్క. అందులో ప్రాణముందో లేదో చూసి చెప్పేవాళ్ళు లేరు. ఆ ప్లేట్లకి తిండి అత్తగారే వండారు, పోయడం కూడా తనే పోశారు. కోడలు పేర్లు రాసింది, అడుగునే.

మూడోరోజు దాకా ఏమీ లేదు. నాలుగోరోజు ఒక ముక్క చుట్టూ వెంట్రుకలాంటి తెల్ల దారం కనిపించింది. వారం తిరిగేసరికి ఐదూ తెల్లగా పాకాయి. తెలుపుని చూసి ఇంత భయపడ్డ ఇల్లు ఇంకొకటి ఉండదు. అల్లుకునేటప్పుడు అన్నీ తెల్లగానే ఉంటాయని కోడలికి తెలుసు, తెలిసినా గుండె ఊరుకోదు. ఇంట్లో కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. అయినా ఆ మొగుడు నోరెత్తలేదు, బుద్ధిమంతుడు.

గురువారం పొద్దున్న ప్లేట్లు తీసి చూస్తే ఐదింటిలోనూ నడిమధ్యన బూడిదరంగు తిరిగింది. కోడలు కొంచెం నీళ్ళు వేసి, గోకి, ఒక చుక్క గాజుపలక మీద పెట్టి సూక్ష్మదర్శినిలో చూసింది. నీటిబొట్టు ఆకారంలో, ఒక్కొక్కదానిలో మూడేసి గదులతో బీజాలు కుప్పలుగా ఉన్నాయి. ఆమె కుర్చీలోంచి లేచి, మీడియా రూముకి వెళ్ళి అత్తగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టింది.

అప్పుడు తెలిసిన సంగతి ఒకటుంది. ఇరవై రెండేళ్ళలో ఆవిడ ఆ కంటద్దంలోకి ఒక్కసారి కూడా చూడలేదు. చూడమన్నవాళ్ళు లేరు, చూస్తానని ఆవిడా అడగలేదు. ఏ కన్ను మూయాలో తెలియక ముందు రెండూ మూసేశారు. కోడలు సర్దింది. ఆవిడ చాలాసేపు కదలకుండా చూశారు.

"వీళ్ళకా నేను ఇన్నాళ్ళూ వండిపెట్టింది," అన్నారు చివరికి.

సాయంత్రానికి కోడలు ఇంకో పలక చూపించింది. నున్నటి ప్లాస్టిక్కు ముక్క మీద పెట్టిన బీజాలు ఆకు మీద పడ్డామనుకుని మోసపోయి మొలకెత్తాయి. ఒక్కొక్కదాని నుంచి సన్నటి కాడ బయటికి వచ్చి, కాడ కొసన నల్లగా, గుండ్రంగా ఒక గుమ్మటం కట్టుకుంది. అది ఆకుని పట్టుకుని, లోపల నీటి ఒత్తిడి పెంచి, కిందికి మేకు దించినట్టు దిగుతుందని కోడలు చెప్పింది. తలుపు తట్టడం, పిలవడం లాంటి మర్యాదలేవీ లేవు, నేరుగా గోడకి కన్నమే. అత్తగారు దొంగ వెధవ అని ముద్దుగా తిట్టి, మళ్ళీ వంగి చూశారు. ఆ రోజు ఇద్దరికీ ఉన్నంత సంతోషం ఆ భవనంలో ఎవరికీ లేదు. ఇంటికి నడుచుకుంటూ వెళ్ళారు, బస్సు ఖాళీగా వచ్చి ఆగినా ఎక్కలేదు.

దారిలో కోడలు అసలు సంగతి విప్పి చెప్పింది. తెల్ల సగం, బూడిదరంగు సగం ఒకే ప్లేటులో ఒకే నెలలో పుట్టిన తోబుట్టువులు. రెండింటికీ మధ్య మారింది ఏదో ఒక్కటే అయి ఉండాలి. రెండింటి జన్యువుల్నీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చదివితే ఆ ఒక్కటీ దొరుకుతుంది. మేస్త్రిని తిరిగి పెట్టినా పని మొదలవలేదంటే, మేస్త్రికి పనులు చెప్పేవాడు ఇంకొకడు పైన ఉన్నాడేమో, తెల్ల సగంలో వాడు చచ్చిపోయాడేమో. మేస్త్రి మాట నిజమో కాదో బూడిదరంగు దాంట్లో మళ్ళీ మొదటినుంచీ చేసి చూడాలి. ఏడాది పడుతుంది. అందుకే ఆ సంతకం కావాలి. అత్తగారు అంతా విని, మేస్త్రి పైన ఇంజనీరు ఉండడం మామూలే కదా, ఇంత చదువుకున్నవాళ్ళకి ఇప్పుడు తెలిసిందా అన్నారు.

శుక్రవారం పదకొండింటికి భూతద్దంగారి గది. గదిలో ఒకటే కుర్చీ, ఆయనది. వచ్చినవాళ్ళు నిలబడితే మాటలు తొందరగా ముగుస్తాయని ఆయన నమ్మకం. ఆ కుర్చీ వెనక గోడకి ఫ్రేము కట్టిన పెద్ద ఫోటో ఉంది. పదిహేడుదే. తెల్లగా, గుండ్రంగా, పౌర్ణమి చంద్రుడిలా ఉంటుంది. పదిహేడు అంత వేగంగా ఎందుకు పెరుగుతుందో చెప్పిన ఆయన వ్యాసం ఎనిమిదేళ్ళ కిందట నాలుగు దేశాల్లో తిరిగింది. ఆ ఫోటో అందులోదే. కోడలు ఎన్నోసార్లు చూసిన ఫోటో. ఈసారి చూడగానే వేళ్ళ మీద లెక్కేసుకుంది. ఎనిమిదేళ్ళ కిందట. కవరు మీది జూలై దాటిన ఏడాదికి.

ఆమె ముందు తన తప్పు చెప్పింది. పోలిక తప్పు సార్, ఇంకో ల్యాబు పదిహేడుతో పోల్చాను అంది. ఐదు ప్లేట్లూ బల్ల మీద పెట్టింది. మన ట్యూబుల్లోని స్టాకు తొమ్మిదేళ్ళ కిందట మారిపోయిందనీ, మారకముందుది దొరికిందనీ చెప్పింది. స్టాకు మార్చినవాళ్ళ పేరు మాత్రం ఎత్తలేదు. భూతద్దంగారు ప్లేట్లని ఒక్కొక్కటే తిరగేసి అడుగున రాసినవి చదివారు. కాసేపు ఆయన మొహంలో కనిపించింది సంతోషమేనని నేను హామీ ఇవ్వగలను. కానీ ఆయన భూతద్దం కదా, సంతోషంలో కూడా తప్పు వెతుకుతారు.

"ఈ తొమ్మిదేళ్ళూ తెల్లదాన్ని ఏరింది ఎవరు?"

"నేనే సార్," అన్నారు అత్తగారు గుమ్మంలోంచి. ఆవిడ ఎప్పుడు వచ్చారో కోడలికే తెలియదు. చేతులకింకా ఓట్స్ గంజి ఉంది.

ఆయన నోటుబుక్కు తెమ్మన్నారు. అత్తగారు కొంచెం తటపటాయించి, వెళ్ళి తెచ్చి ఇచ్చారు. ఆయన పేజీలు తిప్పుతూ జూన్ దగ్గరికి వచ్చారు. ఆ తర్వాత ఆగస్టు. మళ్ళీ జూన్. అంటుకున్న పేజీల్ని వేళ్ళతో తడిమారు. సొరుగు లాగి, ఆకులు కోసే సన్నటి బ్లేడు తీశారు.

"అక్కడేం లేదు సార్. మీడియా ఒలికింది. వదిలేయండి."

ఆయన వదిలిపెట్టే మనిషి కాదు. బ్లేడుని పేజీల మధ్యకి పోనిచ్చి, మూడు పక్కలా మెల్లగా నడిపించారు. పేజీ చిరగకుండా విడిపోయింది. కోడలు బల్లకి ఇటువైపు నిలబడి తలకిందులుగానే చదివింది. పైన అత్తగారి గుండ్రటి అక్షరాల్లో ఒక ప్రశ్న ఉంది. సగం తెలుపు, సగం బూడిదరంగు వచ్చింది, ఏది ఉంచమంటారు సార్? దాని కింద పచ్చసిరాతో రెండు వాక్యాలు. తెల్లది చక్కగా పెరుగుతోంది, అదే ఉంచండి. బూడిదరంగుది పారేయండి. కింద సంతకం.

కోడలు ఆ పేజీ అంచుల్ని చూసింది. ఒలికిన మీడియా ఎక్కడపడితే అక్కడ మరకలు చేస్తుంది. ఇది మూడు అంచుల వెంటా తిన్నగా, కుంచెతో పూసినట్టుగా ఉంది. మధ్యలో అక్షరాల మీద ఒక్క చుక్క లేదు. సోమవారం ఆవిరిలో నిలబడి తను తప్పంతా చెప్తుంటే, ఈవిడ చెయ్యి నాది అని ఊరుకున్నారు. సార్ చెప్పారమ్మా అని ఒక్క మాట అంటే సరిపోయేది. కోడలు తల తిప్పి అత్తగారిని చూసింది. ఆవిడ చేతికి అంటిన గంజిని శ్రద్ధగా గోకుతున్నారు.

భూతద్దంగారు కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. కుర్చీలో తిరిగి గోడ మీదున్న ఫోటోని చూశారు. ఆ తర్వాత లేచి, కోడల్ని తలుపు వేయమని చెప్పి, తన కుర్చీని బల్ల చుట్టూ తీసుకొచ్చి అత్తగారి ముందు వేశారు. ఇరవై రెండేళ్ళలో ఆ గదిలో ఆవిడ కూర్చోవడం అదే మొదలు. కొసన కూర్చున్నారు.

"పారేయమని రాశాను కదా పెద్దమ్మా. ఎందుకు దాచారు?" అడిగింది కోపంగా కాదు.

"మర్నాడు మీరే వచ్చి అడుగుతారనుకున్నాను సార్. కొంచెం ఆలస్యమైంది."

ఆయన నవ్వారో, దగ్గారో కోడలికి తెలియలేదు. నిలబడే జేబులోంచి పెన్ను తీసి మూత తిప్పారు. బల్ల మీద పక్కపక్కన రెండు కాగితాలున్నాయి. ఒకటి కోడలి గడువు కాగితం, సంతకం చోటు ఖాళీగా ఎదురుచూస్తోంది. రెండోది తొమ్మిదేళ్ళ తర్వాత వెలుగు చూసిన జూలై పేజీ. కోడలు పెన్ను కొసనే చూస్తోంది.

పెన్ను ఆమె కాగితాన్ని దాటి వెళ్ళిపోయింది. నోటుబుక్కులో, తన పాత సంతకం కింద మిగిలిన ఖాళీలో ఆగి, పచ్చసిరాతో రాయడం మొదలుపెట్టింది. ఏం రాసిందో పైవారం చూద్దాం.